గోగునార పుస్తకంలో "రెట్" అనే క్రియ: నానబెట్టడమా, కుళ్ళబెట్టడమా, ఊరవేయడమా?

పలకాబలపం
అందరికీ నమస్కారం. జనపనార, గోగునార సాగు మీద రైతుల కోసం రాసిన ఒక చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఒక క్రియ దాదాపు ప్రతి పేజీలో వస్తోంది: రెట్. ఆర్, ఈ, టీ, మూడే అక్షరాలు. నా దగ్గరున్న నిఘంటువులో "నీళ్ళలో నానబెట్టు" అని మాత్రమే ఉంది. ఆ అర్థంతో మొదటి వాక్యం సాగిపోయింది కానీ, "కట్టలను ఓవర్-రెట్ కానివ్వవద్దు, నార బలం పోతుంది" అన్నచోట ఆగిపోయాను. నానబెట్టింది ఎక్కువసేపు నానితే మెత్తబడుతుంది, బలం ఎందుకు పోవాలి? ఇదే పుస్తకానికి పాత తెలుగు ప్రతి ఒకటి దొరికింది. అందులో ఒకచోట నానబెట్టడం, ఇంకోచోట కుళ్ళబెట్టడం, మరోచోట "రెట్టింగ్ చేయడం" అని ఉంది. మూడూ ఒకే పనేనా? చదివేది రైతులు కాబట్టి వాళ్ళ నోట ఉన్న మాటే కావాలి. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

విశ్రాంత ఏఓ
నమస్తే అమ్మా. మూడూ ఒకే పని. వ్యవసాయ శాఖలో ఏఓగా, అంటే వ్యవసాయ అధికారిగా, చేసినవాణ్ణి కాబట్టి ఆ పని ఎలా జరుగుతుందో ముందు చెబుతాను, మాట సంగతి తర్వాత చూద్దాం.

గోగు కాడలో పైన బెరడు, లోపల పుల్ల ఉంటాయి. నార ఉండేది బెరడులో. ఆ నార పోగుల్ని ఒకదానికొకటి, పుల్లకూ అతికించి ఉంచే జిగురు పదార్థం ఉంటుంది. ఆ జిగురు కరిగితే తప్ప నార విడిగా రాదు. పైరు పూత దశకు వచ్చాక కోస్తారు. పనలు చేలోనే మూడు నాలుగు రోజులు ఉంచితే ఆకు రాలిపోతుంది. తర్వాత కట్టలు కట్టి, మొదళ్ళు మాత్రం నీళ్ళలో ఉండేలా కొన్నాళ్ళు నిలబెడతారు. మొదలు మందంగా ఉంటుంది కాబట్టి దానికి ఎక్కువ సమయం కావాలి. ఆపైన కట్టలన్నీ అడ్డంగా పరిచి, పైన బరువు పెట్టి, నీటిమట్టం కింద మునిగేలా ఉంచుతారు. నీళ్ళు 34 డిగ్రీల దగ్గర ఉంటే పని బాగా జరుగుతుంది. రెండు మూడు వారాలు పడుతుంది, చలికాలమైతే ఇంకా ఎక్కువ. ఈ మొత్తం పనికే రెట్టింగ్ అని పేరు.

మా శాఖ కరపత్రాల్లో ఎక్కువగా "కుళ్ళబెట్టుట" అనే రాసేవాళ్ళం.

నాగావళి (రాజాం దగ్గర)
ఏఓ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నానండి, ఆ కరపత్రాల్లో మాట మా ఊళ్ళో ఎవరూ అనరు. మా అయ్య గోగు వేసిన రోజుల్లో "కట్టలు ఊరేశారా?", "ఇంకా ఊరలేదు", "బాగా ఊరింది, రేపు నార తీసెయ్యొచ్చు", ఇవే మాటలు. "కుళ్ళింది" అన్నామంటే చెడిపోయిందనే లెక్క. ఏడాది పంటను బందలో (చెరువుగుంటలో) వేసి వచ్చిన రైతు దాన్ని కుళ్ళబెట్టానని చెప్పుకోడు.

కంపు మాత్రం అబద్ధం కాదు. బంద పక్కన దారిలో నడవలేకపోయేవాళ్ళం. నడుములోతు నీళ్ళలో దిగి రోజంతా నార ఒలిచినవాళ్ళ చేతులకి ఆ వాసన ఎన్ని కడుగులు కడిగినా పోదు. ఆడవాళ్ళు ఎక్కువగా ఆ పనిలో ఉండేవారు. మీ పుస్తకంలో వాళ్ళ గురించి నాలుగు మాటలుంటే బాగుంటుంది. నార తీయడం గురించి రాసేవాళ్ళు నీళ్ళ గురించి రాస్తారు, నీళ్ళలో నిలబడ్డవాళ్ళ గురించి రాయరు.

పదాలపుట్ట
ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడిగా నా వంతు. ఈ క్రియ ఇంగ్లీషుకు మధ్యయుగాల చివర్లో వచ్చింది. డచ్చి భాషలోని పాత రూపానికి దగ్గరది. "రాట్", అంటే కుళ్ళడం, దానికి చుట్టం. కాబట్టి పుట్టుక చూస్తే ఏఓ గారి "కుళ్ళబెట్టుట" తప్పు కాదు.

వ్యాకరణం సంగతి. భూతకాలం "రెటెడ్", టీ రెండుసార్లు వస్తుంది. ఇది సకర్మకంగానూ అకర్మకంగానూ వాడే క్రియ: రైతు అవిసెను (లినెన్ నారనిచ్చే పంటను) రెట్ చేస్తాడు, అవిసె రెట్ అవుతుంది, రెండూ సరైనవే. ఆ పని చేసే చోటుకు "రెటరీ" అని ఒక నామవాచకం కూడా నిఘంటువుల్లో ఉంది. కంప్యూటర్ అసెంబ్లీ భాషలో కనిపించే "రెట్" దీనికి సంబంధించింది కాదు, అది "రిటర్న్"కు పొట్టి రూపం. గూగుల్‌లో వెతికితే ముందు అదే వస్తుంది కాబట్టి చెప్పాను.

ఈ క్రియ ఒంటరిది కాదు, అవిసె నార పనిలో దీనికి ముందూ వెనకా వరుసగా క్రియలున్నాయి. గింజలు దువ్వి రాల్చడం "రిపుల్", ఆ తర్వాత మన "రెట్", ఎండిన కాడను విరగ్గొట్టడం "బ్రేక్", పుల్ల ముక్కల్ని కొట్టి రాల్చడం "స్కచ్", పోగుల్ని ఇనుప దువ్వెనతో దువ్వడం "హెకుల్". సభలో మాట్లాడేవాణ్ణి మధ్యమధ్య ప్రశ్నలతో గుచ్చడాన్ని ఇంగ్లీషులో హెక్లింగ్ అంటారు కదా, అది ఈ దువ్వెన నుంచి వచ్చిందే. ఒకప్పుడు ఊరూరా ఉన్న పని కాబట్టి ఇన్ని క్రియలు పుట్టాయి. పని మిల్లుల్లోకి పోయాక అవి నిఘంటువుల్లో మిగిలాయి. "రెట్" అరుదైన మాట అనిపించడానికి కారణం ఇదే. బ్యారక్‌పూర్‌లోని జనపనార పరిశోధన సంస్థలో ఇది రోజూ వాడే మాటే.

పెట్రీడిష్
సూక్ష్మజీవుల మీద పనిచేస్తున్నాను. పలకాబలపం గారి అసలు ప్రశ్నకు, అంటే బలం ఎందుకు పోతుందన్నదానికి, జవాబు ఇంకా రాలేదు కాబట్టి రాస్తున్నాను.

నీళ్ళు జిగురును కరిగించవు. కరిగించేది బ్యాక్టీరియా. కట్ట నీళ్ళలో పడగానే కాడ నీరు పీల్చి ఉబ్బుతుంది, బెరడు పగుళ్ళిస్తుంది, లోపలున్న చక్కెరలు, రంగు పదార్థాలు నీళ్ళలోకి దిగుతాయి. మొదట గాలి కావలసిన బ్యాక్టీరియా పెరిగి నీళ్ళలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఆ తర్వాత గాలి లేకుండా బతికేవి వస్తాయి. నాగావళి గారు చెప్పిన కంపు ముఖ్యంగా ఆ దశలోది. ఈ జీవులు వదిలే ఎంజైములు ఆ జిగురులోని పెక్టిన్‌ను, హెమిసెల్యులోజ్‌ను తింటాయి. పోగులు మాత్రం ప్రధానంగా సెల్యులోజ్, అది అంత తొందరగా లొంగదు. ఈ తేడా వల్లే నార దక్కుతుంది.

అయితే ఆ తేడా ఎల్లకాలం నిలవదు. పెక్టిన్ అయిపోయాక కూడా కట్టలు నీళ్ళలోనే ఉంటే, సెల్యులోజ్ మీద కూడా దాడి మొదలవుతుంది. అప్పుడు పోగు తెగుతుంది. ఓవర్-రెట్ అంటే ఇది. ముందే తీస్తే జిగురు మిగిలి బెరడు ముక్కలు నారకు అంటుకుని ఉంటాయి, అది అండర్-రెట్. అందుకే పది పన్నెండు రోజులు దాటాక రోజూ ఒకటి రెండు కాడలు తీసి చూస్తారు.

కాబట్టి శాస్త్రపరంగా ఇది కుళ్ళడమే, కానీ సరైన రోజున ఆపాల్సిన కుళ్ళు. "నానబెట్టడం" అంటే నీళ్ళ పని మాత్రమే తెలుస్తుంది, జీవుల పని మాయమైపోతుంది.

నాగావళి (రాజాం దగ్గర)
పెట్రీడిష్ గారూ, "సరైన రోజున ఆపాల్సిన" అన్నారు చూశారా, మా "ఊరడం"లో ఉన్నది అదేనండి. ఆవకాయ ఊరింది అంటే తినడానికి సిద్ధమైందని. నానింది అంటే అలా అనిపించదు, కుళ్ళింది అంటే చెయ్యి దాటిపోయింది. ఊరడానికి ఒక అదును ఉంది.

ఆ చూసే పద్ధతి కూడా రాస్తాను, పుస్తకంలో పెట్టుకోండి. కాడ మొదలు దగ్గర బెరడు బొటనవేలితో నొక్కి లాగితే, పుల్ల మీద ఏమీ అంటుకోకుండా నార జారి రావాలి. పుల్ల తెల్లగా, శుభ్రంగా బయటపడాలి. మధ్యలో ఆగిందంటే ఇంకా ఊరలేదు. ఒక కట్ట చూసి అన్నీ అయ్యాయనుకోకూడదు, లావు కాడలు ఆలస్యంగా ఊరతాయి. లావువి, సన్నవి వేరువేరు కట్టలు కట్టమనేది అందుకే.

మిల్లుకూత
నేను జూట్ మిల్లులో సరుకు గ్రేడు చేసే చోట చాలా ఏళ్ళు చేశాను. బేలు విప్పి చేత్తో పట్టుకుంటే చాలు, ఆ రైతు బందలో ఏం జరిగిందో చెప్పేవాళ్ళం. నార మీద చిన్నచిన్న బెరడు మచ్చలుంటే సరిగా ఊరలేదని. చివళ్ళు గరుకుగా, గట్టిగా ఉంటే అటు వైపు నీళ్ళు అందలేదని, లేదా కట్ట పైకి తేలిందని. మొదళ్ళు చెక్కలా ఉంటే వాటిని ముందుగా నిలబెట్టి ఊరవెయ్యలేదని. అలాంటి మొదళ్ళు కోసేసి వేరే తక్కువ రకం సరుకుగా వాడతాం. మెలిపెట్టి లాగితే టప్పున తెగిందంటే అతిగా ఊరింది.

అన్నిటికన్నా బాధ నల్లబడిన నార చూస్తే. బలం అంతా ఉంటుంది, రంగు పోయి ధర పడిపోతుంది. దానికి కారణం బరువు కోసం కట్టల మీద నేరుగా మట్టి పెళ్ళలు, అరటి బోదెలు వెయ్యడం. మట్టిలో ఇనుము ఉంటుంది, కాడల్లోంచి, బోదెల్లోంచి వచ్చే వగరు పదార్థంతో అది కలిస్తే నలుపు. రాళ్ళో, మట్టి నింపిన సంచులో పెడితే ఆ బాధ ఉండదు. ఇంత కష్టపడిన పంట పైన వేసిన మట్టి పెళ్ళ వల్ల రెండు గ్రేడులు కిందికి పోవడం చూడలేం. పలకాబలపం గారూ, ఆ ఒక్క ముక్క పెద్ద అక్షరాల్లో వేయించండి.

పలకాబలపం
తప్పకుండా వేయిస్తాను మిల్లుకూత గారూ. పుస్తకంలో ఆ విషయం ఉంది కానీ ఒక పట్టికలో చివరి గడిలో ఉంది. దాన్ని పైకి తెస్తాను.

నాగావళి గారి మాట నాకు నచ్చింది. ఇంగ్లీషులో ఒకే క్రియ రెండు పనులు చేస్తోందని పదాలపుట్ట గారు అన్నారు. మనకు ఊరు, ఊరవేయు అని రెండు విడివిడిగా ఉన్నాయి, ఇంకా తేలిక. "సరిగా ఊరని నార", "అతిగా ఊరిన నార" అంటే కిందనున్న వాక్యాలన్నీ సాఫీగా నడుస్తున్నాయి. ఏఓ గారూ, మీరేమంటారు?

విశ్రాంత ఏఓ
నాకు అభ్యంతరం లేదమ్మా. నాగావళి చెప్పింది నిజం, గ్రామాల్లో ఊరెయ్యడమే. మేం ఆఫీసులో కూర్చుని రాసినప్పుడు ఇంగ్లీషు పుస్తకం అర్థం చూసి రాసేవాళ్ళం. ఆమదాలవలస పరిశోధన కేంద్రం వాళ్ళతో రైతుల సమావేశాలు జరిగినప్పుడు కూడా నోటితో మాట్లాడేది ఊరెయ్యడమే, కాగితం మీదికి వచ్చేసరికి కుళ్ళబెట్టుట అయ్యేది. ఒక్కటి అడుగుతాను: "రెట్టింగ్" అనే మాటను కూడా ఒకసారి పరిచయం చేయండి. జూట్ కొనేవాళ్ళు, అధికారులు ఆ మాటే అంటారు, రైతుకు చెవిన పడి ఉండాలి.

మానేరు ఒడ్డు
మా కరీంనగర్ వైపు గోగునార పెద్దగా లేదు గానీ జనుము నార ఉండె. చెరువుల నానేసి, నార తీసి, తాళ్ళు పేనేటోళ్ళు. మా పెద్దలు "నానెయ్యడం" అనే అన్నరు, "ఊరెయ్యడం" అని నేను వినలేదు. ఇప్పుడు జనుము పచ్చిరొట్టకే వేస్తున్నరు, నార తీసేటోళ్ళు కనబడరు. పుస్తకం తెలంగాణలో కూడా పంచుతరా? అట్లయితే రెండు మాటలు పెట్టండి.

కొల్లం తీరం
ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్నాను. ఇక్కడ ఇదే క్రియ కొబ్బరి డొక్కలకు వాడతారు. పచ్చి కాయల డొక్కలు ఉప్పు కలిసిన కాయల్ (తీరం వెంబడి ఉండే బ్యాక్‌వాటర్స్) నీళ్ళలో ఆరు నెలల నుంచి పది నెలల దాకా ముంచి ఉంచుతారు. తర్వాత కొట్టి తీసిన పీచు బంగారు రంగులో ఉంటుంది, దాన్ని తెల్ల కాయర్ అంటారు. ఎండు డొక్కల్ని యంత్రాలతో చీల్చి తీసేది గోధుమ రంగు పీచు. మన కోనసీమలో చూసేది ఎక్కువగా ఆ రెండోదే. పది నెలల పనికి "నానబెట్టడం" అన్న మాట ఎంత చిన్నదో చూడండి!

నీళ్ళ పరిస్థితి మాత్రం దారుణం. డొక్కల్లోని రంగు పదార్థాలు దిగి నల్లగా మారతాయి, చేపలు బతకవు. కేరళలో కాయల్ కాలుష్యం గురించి మాట్లాడినప్పుడల్లా ఈ పని ప్రస్తావన వస్తుంది.

పదాలపుట్ట
నీళ్ళ గొడవ ఈనాటిది కాదు. 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ కాలంలోనే, పశువులు తాగే నదుల్లో, చెరువుల్లో నార కట్టలు వేయకూడదని ఇంగ్లండులో చట్టం తెచ్చారు. బెల్జియంలో కోర్ట్రైక్ దగ్గర లైస్ నదిలో అవిసె వేసేవాళ్ళు, అక్కడి నార ఎంత పేరు పొందిందంటే ఆ నదికి "బంగారు నది" అని పేరు పడింది. ఆ నదిలో వేయడాన్ని కూడా 20వ శతాబ్దంలో ఆపేశారు.

గెంట్ నుంచి
పదాలపుట్ట మాస్టారూ, నేనుండేది ఆ నదికి దగ్గరే. కాబట్టి ఒక చిక్కు తెస్తున్నాను, క్షమించాలి. ఇప్పుడు ఇక్కడా, ఉత్తర ఫ్రాన్సులోనూ అవిసెను నీళ్ళలో వేయరు. వేళ్ళతో సహా పీకి, చేలోనే వరుసలుగా పరిచి వదిలేస్తారు. రాత్రి మంచు, అప్పుడప్పుడు వాన, పగటి ఎండ. నేలలోంచి వచ్చే శిలీంధ్రాలు ఆ జిగురును తింటాయి. మధ్యలో యంత్రంతో తిరగేస్తారు, లేకపోతే ఒక వైపే అవుతుంది. కొన్ని వారాల్లో పచ్చ పసుపు రంగు కాడలు బూడిద రంగుకు తిరుగుతాయి. మీరు లినెన్ చొక్కా వేసుకుంటే అది చాలావరకు ఇలా తయారైన నారే. దీన్నీ "రెట్" అనే అంటారు, "డ్యూ రెట్టింగ్" అని. ఇక్కడ ఊరవేయడానికి నీళ్ళే లేవు. మరి ఏమనాలి?

పెట్రీడిష్
మంచి ప్రశ్న. రెండింటిలోనూ ఉమ్మడి విషయం జీవులు జిగురును తినడమే, నీళ్ళు కాదు. ఇంగ్లీషు క్రియ ఆ పనిని పట్టుకుంది, మన మాట అది జరిగే చోటును పట్టుకుంది. వాన ఎక్కువై చేలో మరీ తడిసినా అతి అవుతుంది, మరీ ఎండితే పని ఆగిపోతుంది. రైతు ఆకాశం వైపు చూస్తూ ఉండాల్సిందే.

విశ్రాంత ఏఓ
"మంచులో మాగబెట్టడం" అనొచ్చు. పొగాకును మండెలు కట్టి మాగబెట్టడం అనేది మన రైతులకు తెలిసిన మాటే. అక్కడా నీళ్ళుండవు, లోపల మార్పు జరుగుతుంది, రంగు తిరుగుతుంది, సమయం చూసి తీయాలి.

నాగావళి (రాజాం దగ్గర)
మాగబెట్టడం బాగుంది ఏఓ గారూ. గోగుకి మాత్రం వాడకండి, మా వాళ్ళు పండనుకుంటారు.

గెంట్ నుంచి
అవిసెకు "మంచులో మాగబెట్టడం" నాకు ఓకే. మా ఇంటి చుట్టూ జరిగేది చక్కగా కళ్ళకు కడుతోంది. ఇంకో చిన్న విషయం. ఇక్కడి భాషలో ఈ క్రియ "రోటెన్". భీమునిపట్నంలో డచ్చివాళ్ళు 1825 దాకా ఉన్నారు కదా, ఆ ఊరి పేరు మీదే గోగునారను "బిమ్లి జూట్" అని ప్రపంచ మార్కెట్లో అమ్మారు కదా, ఈ మాటకూ మన తీరానికీ ఏమైనా సంబంధం ఉందా?

పదాలపుట్ట
మాట విషయంలో లేదు. ఇంగ్లీషువాళ్ళు ఈ క్రియను తెచ్చుకున్నది డచ్చివాళ్ళు మన తీరానికి రాకముందే, ఉత్తర సముద్రం అటూ ఇటూ జరిగిన నార వ్యాపారాల కాలంలో. భీమిలి నుంచి ఇంగ్లీషుకు వెళ్ళింది "బిమ్లి" అనే నామవాచకం. అది ఇంగ్లీషు నిఘంటువుల్లో ఈనాటికీ ఉంది. మన ఊరి పేరు ఒక పంటకు పేరైందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

పలకాబలపం
అందరికీ చాలా థాంక్స్. ఇలా నిర్ణయించుకున్నాను. గోగుకూ జనపనారకూ "ఊరవేయడం, ఊరడం". మొదటిసారి వచ్చినచోట "దీన్నే నానవేయడం అని కూడా అంటారు, అధికారులు రెట్టింగ్ అంటారు" అని ఒక వాక్యం. మానేరు ఒడ్డు గారి మాట అలా చేరుతుంది. "కుళ్ళు" అనే మాట బ్యాక్టీరియా గురించి చెప్పే పేరాలో మాత్రం వస్తుంది. డ్యూ రెట్టింగ్ ప్రస్తావన ఒక్కచోటే ఉంది, అక్కడ "మంచులో మాగబెట్టడం".

ఒకటి మిగిలింది. పుస్తకంలో "రిబ్బన్ రెట్టింగ్" అని ఒక అధ్యాయం ఉంది. కాడ పచ్చిగా ఉన్నప్పుడే బెరడును పట్టీలుగా ఒలిచి, ఆ పట్టీల్ని మాత్రమే చిన్న గుంటలో ఊరవేయడం. నీళ్ళు బాగా తక్కువ పడతాయట. మన దగ్గర ఎవరైనా చేస్తున్నారా?

విశ్రాంత ఏఓ
మా రోజుల్లో ప్రదర్శనలుగా చూపించేవాళ్ళం. ఉపాయం మంచిదే, సెప్టెంబరు, అక్టోబరు నాటికి చెరువుల్లో నీళ్ళు చాలని ఊళ్ళకు బాగా పనికొస్తుంది. పచ్చి బెరడు ఒలవడానికి కూలీలు ఎక్కువ కావాలి, అక్కడే రైతు వెనక్కి తగ్గేవాడు. చిన్న యంత్రాలు వచ్చాయి. బ్యారక్‌పూర్ సంస్థ తయారుచేసిన బ్యాక్టీరియా పొడి కూడా ఉంది, క్రైజాఫ్ సోనా అని, నీళ్ళలో కట్టల మీద చల్లితే రోజులు తగ్గుతాయి, రంగు మెరుగవుతుంది. తెలుగు పేరు "పట్టీలుగా ఊరవేయడం" అంటే సరిపోతుంది.

నాగావళి (రాజాం దగ్గర)
మా చుట్టుపక్కల చాలామంది గోగు మానేసి మొక్కజొన్నకి పోయారండి. కారణం అడిగితే ధర తర్వాత రెండోది నీళ్ళే చెబుతారు, మూడోది నీళ్ళలో దిగే మనుషులు దొరకడం లేదని. ఆ అధ్యాయం పుస్తకం చివర్లో కాకుండా ముందుకి తెస్తే మా వాళ్ళు చదువుతారు. నడుములోతు నీళ్ళలో దిగక్కర్లేదని తెలిస్తే ఇంట్లో ఆడవాళ్ళే ముందు చదువుతారు.

మిల్లుకూత
పలకాబలపం గారూ, అచ్చుకు ఇచ్చేముందు ఒక్కటి చూసుకోండి. మీ ఇంగ్లీషు ప్రతిలో "డేజ్డ్" నార అని ఉంటుంది. కొన్ని తెలుగు పత్రాల్లో దాన్ని కూడా "అతిగా ఊరిన నార" అని రాసేశారు. అది వేరు. బందలో అంతా సరిగా జరిగి, నార బాగా ఆరకుండానే కట్టలు కట్టి గదిలో వేస్తే, ఆ తడికి మెరుపు పోయి, బలం పోయి తయారయ్యే సరుకు అది. దానికి మన దగ్గర "ముక్కిన నార" అని మాట ఉంది. రైతుకు ఈ తేడా తెలియాలి, ఎందుకంటే మొదటిదానికి బంద దగ్గర జాగ్రత్త కావాలి, రెండోదానికి ఎండ దగ్గర.

పలకాబలపం
నా ప్రతిలో 14వ పేజీలో సరిగ్గా అలాగే ఉంది మిల్లుకూత గారూ, రెండూ ఒకే మాటతో. ఇప్పుడే మారుస్తున్నాను. ముక్కిన నార.